గిన్నె తిప్పని ఆదివారం

మా చర్చిలో ప్రసంగం ఎప్పుడూ ముక్కలు ముక్కలుగానే సాగుతుంది. శంషాబాద్‌లో మా మందిరం ఉన్న చోటికి విమానాలు బాగా కిందికి వచ్చేస్తాయి. గాలి అటు తిరిగిన రోజుల్లో అయిదారు నిమిషాలకు ఒకటి తల మీదుగా దిగుతుంది. కిటికీ అద్దాలు గలగలలాడతాయి. అయ్యగారి పెదవులు కదులుతుంటాయి కానీ మాట వినపడదు. అందుకని ఆయన వాక్యం మధ్యలోనే ఆగిపోయి, బైబిల్లో వేలు పెట్టుకుని, పైకప్పు వైపు చూస్తూ నిలబడతారు. మేమూ ఆగుతాం. కొత్తగా వచ్చినవాళ్ళు ఏం జరిగిందోనని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

చప్పుడు తగ్గాక కూడా అయ్యగారు వెంటనే మొదలుపెట్టరు. ముందు మా నానమ్మ మాట్లాడాలి.

"పైన వొయ్యేటోళ్లను సల్లంగ దించు తండ్రీ. వాళ్ల కోసం ఎదురుసూసేటోళ్లను గూడ సల్లంగ సూడు."

అందరం ఆమేన్ అంటాం. అప్పుడు అయ్యగారు వేలు తీసి, ఆగిన చోట నుంచి మళ్ళీ అందుకుంటారు.

ఇది ఎవరో పెట్టిన పద్ధతి కాదు. విమానాశ్రయం వచ్చిన కొత్తలో, నేను చిన్నపిల్లని, అప్పుడున్న ముసలి అయ్యగారికి ఈ చప్పుడంటే చాలా చిరాకుగా ఉండేది. ఒక ఆదివారం ఆయన పుస్తకం మూసేసి, "ఇట్లయితే దేవునికైనా వినపడుతుందా?" అన్నారు. చాప మీద కూర్చున్న నానమ్మ కళ్ళు తెరవకుండానే, "అయ్యా, దాంట్ల గూడ మనుషులే ఉన్నరు గద, వాళ్ల కోసం ఒక మాట అడుగుదాం" అని ఆ రెండు ముక్కలూ అన్నది. చదువు రాని మనిషి. బస్సు తప్ప వేరే బండి ఎక్కి ఎరగదు. ఆ తర్వాత వారం విమానం పోగానే అందరూ ఆమె వైపు చూశారు. అట్లా అలవాటయింది.

నేను ఆమె పక్కనే కూర్చుంటాను. నాకు నలుగురిలో నోరు పెగలదు. బుధవారం సాయంత్రాల్లో స్త్రీలందరం గుండ్రంగా కూర్చుని గొలుసు ప్రార్థన చేస్తాం. ఒకరి ప్రార్థన అయిపోగానే పక్కవాళ్ళ మోకాలు తడతారు. ఇక వాళ్ళ వంతు. నా మోకాలు తట్టిన మరుక్షణం నేను నా పక్కనున్న వారి మోకాలు తడతాను. ఏళ్ళ తరబడి అంతే. అందరూ అలవాటుపడి, నా దగ్గర గొలుసు ఒక లంకె దాటేస్తుందని నవ్వుకునేవాళ్ళు. ఇంటికి వచ్చాక అనాలనుకున్నవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. కార్గో గోదాములో పగలంతా పెట్టెల మీద అతికించే చీటీలు టైప్ చేస్తాను. రాయడం నాకు కష్టం కాదు. గొంతే కష్టం.

*

మా బల్లారాధన నెలకొక్కసారి, మొదటి ఆదివారం. ప్రభువు భోజనాన్ని మేం బల్ల అంటాం. రొట్టె తుంచి అందరికీ ఇచ్చాక, అయ్యగారు ద్రాక్షరసం ఉన్న గిన్నె పట్టుకుని వరుస వెంబడి వస్తారు. పాత ఇత్తడి గిన్నె, లోపల వెండి పూత. మోకరించిన వాళ్ళ పెదవులకు ఆయనే అందిస్తారు. ఒకరు తాగాక అంచుని తెల్లగుడ్డతో ఒకసారి తుడిచి, గిన్నెను కొంచెం తిప్పి, పక్కవారికి ఇస్తారు. వరుస చివరికి వచ్చేసరికి గిన్నె చుట్టూ తిరిగి మొదటికి వచ్చి ఉంటుంది.

కరోనా తర్వాత మందిరం మళ్ళీ తెరిచినప్పుడు ఈ గిన్నె దగ్గరే మా సంఘం రెండయింది.

నానమ్మకు ఒక స్నేహితురాలు ఉండేది. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన నర్సు. అందరం నర్సమ్మ అనేవాళ్ళం. నానమ్మ కంటే పదేళ్ళు చిన్నది. నానమ్మ ఆమెను చెల్లె అనేది, ఆమె నానమ్మను అక్క అనేది. సంఘంలో ఎవరికి జబ్బు చేసినా ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు. నర్సమ్మ పుండు కడిగి కట్టు కట్టేది, నానమ్మ తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసేది. "నీ మందు ముందు, నా ప్రార్థన ఎనక. తక్కువైతే మాత్రం పేరు నాదే" అని నానమ్మ అంటే, "అయితే ఫీజు నాకివ్వండక్కా" అని ఆమె నవ్వేది.

ఒక రోజు సంఘమంతా కూర్చున్న మీటింగులో నర్సమ్మ లేచి నిలబడింది. కరోనా వార్డులో పనిచేసి వచ్చిన మనిషి. కళ్ళ కింద నల్లగా ఉంది. "ఒకరి ఎంగిలి ఒకరు తాగడం ఇంక మానేద్దామండీ. చిన్న గ్లాసులు తెప్పిద్దాం. ఎవరిది వాళ్ళకి" అన్నది.

ఆ మాటకు నానమ్మ లేచింది. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి ఇంటి దాకా నడిచి వచ్చింది. వెనక నేను ఆమె చెప్పులు పట్టుకుని వచ్చాను. "ఎంగిలా? గా మాట నా చెల్లె నోట్లకెంచి వచ్చిందా?" అని ఇంట్లోకి వచ్చాక ఒక్కసారి అన్నది. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

తర్వాత ఊళ్ళ నుంచి వచ్చే పాత కుటుంబాలన్నీ గిన్నె వైపు, కాలనీల్లో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు గ్లాసుల వైపు అయ్యారు. మాట మాట పెరిగింది. చివరికి అయ్యగారు విసిగిపోయి రెండు ఆరాధనలు పెట్టారు. ఎనిమిది గంటలకు గిన్నె. పదిన్నరకు గ్లాసులు. మంఖాల్ నుంచి వచ్చే సంఘ పెద్ద ఒకాయన ఉన్నాడు, అందరూ బాపు అంటారు. ఆయన గేటు దగ్గర నిలబడి, లోపలికి వస్తున్న పదిన్నర వాళ్ళను, "గ్లాసులల్ల చాయ్ గూడ పోస్తున్రా? పోస్తే జర చెప్పున్రి, ఆగుతం" అనేవాడు. వాళ్ళలో ఒకరు, "మీ గిన్నెలో మీసాలు కూడా తడుస్తాయంటగా బాపూ, జాగ్రత్త" అనేవాళ్ళు. పైకి నవ్వులే. లోపల నవ్వు లేదు.

మూడేళ్ళు నానమ్మ, నర్సమ్మ మాట్లాడుకోలేదు. మేం బయటికి వస్తుంటే ఆమె లోపలికి వచ్చేది. గేటు దగ్గర ఇద్దరూ వందనాలు అనుకునేవాళ్ళు, ముఖాలు చూసుకోకుండా.

*

పోయిన చలికాలం నానమ్మ గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం, అల్లం, పసుపు అన్నీ అయ్యాయి. మాట రానురాను గరగర శబ్దంగా మారింది. విమానం పోయాక ఆమె అంటున్నది వెనక వరుసలకు వినపడడం లేదు. అయినా లెక్కపెట్టుకున్నట్టు అంతసేపు ఆగి ఆమేన్ అనేవాళ్ళు. పెద్ద దవాఖానకు తీసుకుపోతే గొంతులో క్యాన్సర్ అన్నారు. మంగళవారం ఆపరేషన్ అన్నారు. స్వరపేటిక తీసేస్తారు. మెడ దగ్గర చేసే రంధ్రం లోంచి ఊపిరి తీసుకోవాలి. ఇక మాట రాదు.

డాక్టర్ ఇదంతా చెబుతుంటే మా నాన్న గోడకు ఆనుకున్నాడు. నానమ్మ మాత్రం, "మనిషి ఉంటది గద?" అని అడిగింది. "ప్రయత్నం చేస్తామమ్మా, వయసు ఉంది కదా, చెప్పలేం" అన్నాడాయన. "అయితె మంగళారం లోపట ఒక ఆదివారం ఉంది" అన్నది.

ఆ ఆదివారం మొదటి ఆదివారం. బల్ల ఉంది. ఆమె దాని కోసమే చూస్తోందని నేననుకున్నాను.

గురువారం సాయంత్రం పుంటికూర ఆకు తుంచుతూ కూర్చున్నాం. ఆమె ఉన్నట్టుండి, "ఈ ఆదివారం నేను బల్ల తీసుకోనే బిడ్డా" అన్నది. ప్రతి మాటకూ గాలి పీల్చుకుంటోంది.

"ఎందుకు నానమ్మా?"

"గొంతుల ఇది వెట్టుకొని గిన్నెకు నోరు వెడ్తనా? నా ఎనక ముప్పై మంది తాగాలె. బాలింతలున్నరు, పసివోళ్ల తల్లులున్నరు."

"అది అంటేది కాదని డాక్టర్ చెప్పిండు గద."

"ఆయన జెప్తడు. గిన్నె ఆయన తాగుతడా?"

"అయితె పదిన్నరకు పోదాం. గ్లాసుల తీస్కో. ఎవ్వరికి పరేషాన్ ఉండదు."

ఆమె చేతులు ఆగిపోయాయి. నేనేదో అనరానిది అన్నానని అర్థమైంది కానీ ఏమిటో తెలియలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె చెప్పింది చెప్పినట్టే డైరీలో రాసుకున్నాను. అందుకే ఇక్కడ ఆమె మాటల్లోనే పెడుతున్నాను.

"నాకు పదేండ్లప్పుడు మా నాయినతోని అంగడికి పోయొస్తుంటి. తొవ్వల చాయ్ హోటలు. అందరు లోపట కూసుంటరు. మా వాడోళ్లకు బయట. సూరు కింద కట్టె మీద మూడు గ్లాసులు బోర్లేసి ఉండేటియి. గవి మాయి. మనమే తీస్కొని చెయ్యి సాపాలె. ఆయన మీదికెంచి వోస్తడు, గ్లాసుకు తగలకుంట. తాగినంక మనమే కడిగి మళ్ల బోర్లెయ్యాలె. మా నాయిన రెండు బస్తాలు ఒక్కసారి ఎత్తే మనిషి. గసుమంటోడు ఒంగి గ్లాసు కడుగుతుంటె నేను సూస్తుంటి."

ఆమె నీళ్ళు తాగింది. మింగడానికి కష్టపడింది.

"పేరుకు మనం అప్పటికే దేవునోళ్లమే. అయినా నాకు దేవుడంటె ఏందో తెల్వది. పెండ్లయి ఈడికొచ్చినంక మొదటిసారి బల్ల తీస్కున్న. నా పక్కన పట్నం టీచరమ్మ. తెల్ల చీర, కండ్లద్దాలు, పెద్దింటి మనిషి. నేను గిన్నెల తాగిన. అయ్యగారు తుడ్వనేలేదు, గామె గిన్నెను రెండు చేతుల పట్టుకొని తాగింది. నా నోరు వెట్టిన కాడనే. నేను సూస్తనే ఉన్న. కాళ్లు వణికినయి బిడ్డా. దేవుడున్నడని నాకు గా దినం ఎరుకైంది. అంతకుముందు ఎవ్వరెన్ని చెప్పినా ఎరుక గాలె."

తర్వాత ఆకు తుంచడం మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇగ జెప్పు. గ్లాసు నాకొద్దు. గిన్నెకు నేనొద్దు. ఊకో."

ఇరవై నాలుగేళ్ళుగా ఆమె పక్కన పడుకుంటున్నాను. ఆ మూడు గ్లాసుల సంగతి నాకు తెలియదు. మా నాన్నకూ తెలియదు. గొంతు పోయే ముందు అది ఒక్కటి బయటికి వచ్చింది. ఆమె బల్ల లేకుండానే, తను ఆనుకుని బతికిన ఆ ఒక్క గుక్క లేకుండానే ఆపరేషన్ గదిలోకి పోతుందని ఆ రోజు డైరీ చివర రాశాను. రాసింది చదువుకుంటే నాకే భయం వేసింది.

*

శనివారం మధ్యాహ్నం పని అయ్యాక ఇంటికి పోలేదు. ఆరాంఘర్ దాకా బస్సులో, అక్కడి నుంచి షేర్ ఆటోలో మైలార్‌దేవ్‌పల్లి వెళ్ళాను. రిటైర్ అయ్యాక నర్సమ్మ అక్కడే కొడుకు ఇంట్లో ఉంటోంది. చెప్పాల్సింది దారంతా మనసులో అనుకుంటూ పోయాను. ఆమె తలుపు తీయగానే అన్నీ మర్చిపోయాను.

"ఏంటమ్మా, ఒక్కదానివే వచ్చావా? అక్కకి ఎలా ఉంది?"

నోరు తెరిచాను. మాట రాలేదు. సంచిలోంచి డైరీ తీసి, ఆ పేజీ దగ్గర వేలు పెట్టి, ఆమె చేతికి ఇచ్చేశాను. నా డైరీ అంతకుముందు ఎవరికీ ఇవ్వలేదు.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి చదవడం మొదలుపెట్టింది. సగం దాకా వచ్చాక సోఫాలో కూర్చుంది. వంటింట్లో కుక్కర్ కూతల మీద కూతలు వేస్తోంది. ఆమెకు వినపడుతున్నట్టు లేదు. నేనే లోపలికి వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చాను. వచ్చేసరికి కళ్ళజోడు ఒళ్ళో ఉంది.

"ఇరవై ఏళ్ళు కలిసి తిరిగాం. ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు నాకు."

"నాకు కూడా" అన్నాను. నేనన్న మొదటి మాట అదే.

"ఆ రోజు నేను ఎంగిలి అన్నాను కదూ?"

తల ఊపాను.

"మా వార్డులో ఎంతమంది కళ్ళు నా చేతుల్తో మూశానో నాకే తెలీదమ్మా. ఇంట్లోవాళ్ళు దగ్గరికి రాలేరు, మేమే. మందిరం తెరిచాక మొదటి బల్ల రోజు అయ్యగారు ఆ గిన్నె పట్టుకుని వరుసలో వస్తుంటే నాకు ఆ మంచాలే కనపడ్డాయి. నేను చెప్పింది తప్పు కాదు. ఇప్పటికీ కాదంటాను. కానీ ఎవరికి చెప్తున్నానో తెలీకుండా చెప్పాను."

డైరీ తిరిగి ఇస్తూ, "రేపు ఎనిమిదికేగా?" అని అడిగింది.

"వస్తారా?"

"ఏమో. అందరూ ఏమంటారో. మూడేళ్ళయింది ఆ గుమ్మం ఆ వేళకి తొక్కి" అన్నది. మళ్ళీ వెంటనే, "అన్నం తిన్నావా?" అన్నది.

ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఓవర్‌టైమ్ అన్నాను. దేవుని పని మీద చెప్పిన అబద్ధం అదొక్కటే.

*

ఆదివారం నానమ్మ తెల్ల చీర కట్టుకుంది. మోకాళ్ళు వంగవు కాబట్టి ఆమెకు స్త్రీల వైపు చివర ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. నేను పక్కన చాప మీద. మొదటి పాట అయిపోతుండగా గుమ్మం దగ్గర బాపు గొంతు వినపడింది.

"ఏందమ్మా, గడియారం ఆగిందా ఏంది? మీది పదిన్నరకు గద?"

"నాది సరిగ్గానే నడుస్తోంది బాబాయి గారూ. కాస్త జరగండి."

ఆ గొంతుకు నానమ్మ వీపు నిటారుగా అయింది. వెనక్కి తిరగలేదు. నర్సమ్మ వచ్చి కుర్చీకి అవతలి పక్కన చాప మీద కూర్చుంది. ఇద్దరూ ముందుకే చూస్తున్నారు. పాట అయిపోయినా కొందరు పుస్తకాలు మూయలేదు.

బల్ల మొదలైంది. రొట్టె వచ్చింది. నానమ్మ తీసుకుంది. గిన్నె వచ్చింది. మోకరించిన ఒక్కొక్కరూ తాగారు, అయ్యగారు తుడిచారు, తిప్పారు, ముందుకు జరిగారు. నానమ్మ ముందుకు వచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. అయ్యగారికి అర్థం కాలేదు. మరొకసారి అందించారు. మళ్ళీ ఊపింది. ఆయన పక్కకు ఒక అడుగు వేశారు.

"ఆగండి అయ్యగారూ" అన్నది నర్సమ్మ.

మోకాళ్ళ మీద ఉన్న మనిషి లేచి నిలబడింది. బల్ల దగ్గర అట్లా ఎవరూ మాట్లాడరు. మందిరమంతా చూస్తోంది.

"అక్కా, మీరు తాగండి. మీ తర్వాత నేను తాగుతాను."

నానమ్మ కొంగు తీయకుండానే, "నీకేమన్న పిచ్చా చెల్లే? నా గొంతుల ఏముందో ఎరుకేనా?" అన్నది. మూడేళ్ళ తర్వాత ఆమె చెల్లే అనడం నేను విన్నాను. అదీ ఆమె గొంతు ఉండే చివరి రోజుల్లో.

"నాకు ఎరుకే. ఆ జబ్బు వార్డులో పదకొండేళ్ళు చేశాను. అది గిన్నెతో అంటదు, గ్లాసుతో అంటదు, ముద్దు పెట్టుకున్నా అంటదు."

"మరి గా దినం…"

"ఆ రోజు జబ్బు వేరు. అది అంటుకునేదే. ఆ రోజు చెప్పిందీ నిజమే, ఈ రోజు చెప్తున్నదీ నిజమే. మాట మాత్రం చెడ్డది అన్నాను. అది తప్పు. తాగండి."

నానమ్మ నోటి మీది కొంగు కదలలేదు. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది.

పద్ధతి ప్రకారం అంతా ఆగిపోయింది. అయ్యగారు గిన్నె గాలిలో పట్టుకుని పైకప్పు వైపు చూస్తున్నారు. గిన్నెలో రసం వణుకుతోంది. ఆ హోరులో ఇద్దరు ముసలివాళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఒకరి మాట ఒకరికి వినపడే దారి లేదు. చూడడం తప్ప ఇంకేమీ చేయలేరు. ఆ విమానం మిగతా వాటికంటే ఎక్కువసేపు పట్టిందని నాకనిపించింది. కిటికీ అద్దాలు ఆగాక కూడా ఎవరూ కదలలేదు. ఇప్పుడు నానమ్మ వంతు.

ఆమె కొంగు దించింది. గొంతు సవరించుకుంది. రాలేదు. మళ్ళీ గాలి పీల్చింది.

"పైన… వొయ్యేటోళ్లను… సల్లంగ దించు తండ్రీ."

గరుకు రాయి మీద గరుకు రాయి రాసినట్టుంది. అయినా వెనక గోడ దాకా వినపడింది, ఎందుకంటే అంత నిశ్శబ్దం మా మందిరంలో ఎప్పుడూ లేదు. రెండో వాక్యం చాలాసేపటికి వచ్చింది. ఆమేన్ చెప్పాల్సిన చోట ఎవరికీ నోరు రాలేదు. కొందరు ఏడుస్తున్నారు.

తర్వాత నానమ్మ రెండు చేతులూ చాచి గిన్నె తీసుకుని తాగింది.

అయ్యగారు అలవాటుగా గిన్నె అందుకుని, అంచు తుడిచి, కొంచెం తిప్పి, నర్సమ్మకు ఇచ్చారు. ఆమె గిన్నె పట్టుకుని ఒక్క క్షణం చూసింది. దాన్ని వెనక్కి తిప్పింది. నానమ్మ పెదవులు తగిలిన చోటే నోరు పెట్టి తాగింది.

నేను చూస్తూనే ఉన్నాను. నా కాళ్ళు వణికాయి. నానమ్మ ఆ టీచరమ్మను చూసినప్పుడు ఏమైందో గురువారం విని రాసుకున్నాను కానీ, రాసుకున్నప్పుడు అది నాకు కథ మాత్రమే. ఆ రోజు నేను తల దించుకుని చాప అల్లికను చూస్తూ ఉండిపోయాను. తల ఎత్తితే ఎవరో కనపడతారని భయం వేసింది, అక్కడున్న మనుషులు కాని ఎవరో. ఇంతకంటే సరిగ్గా చెప్పడం నాకు రాదు. డైరీలో ఆ రోజు పేజీలో తేదీ తప్ప ఏమీ లేదు.

పదిన్నర ఆరాధన కోసం ముందుగా వచ్చిన నలుగురైదుగురు అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఒక యువతి చెప్పులు విప్పి లోపలికి వచ్చి వరుస చివర మోకరించింది. ఇంకొకరు వచ్చారు. ఇద్దరు రాలేదు, బయటే ఉండిపోయారు. బాపు వాళ్ళను వెక్కిరించలేదు. గుమ్మం పక్కకు జరిగి, "ఎండల నిలబడకున్రి, జర నీడకు రాండ్రి" అన్నాడు.

*

మంగళవారం నానమ్మను ఉదయమే లోపలికి తీసుకుపోయారు. ఆ ఉదయం నుంచి మందిరంలో గొలుసు ప్రార్థన పెట్టారు. అరగంటకు ఒకరు. ఒకరు లేచే ముందు మరొకరు వచ్చి పక్కన మోకరించాలి, నడుమ ఖాళీ ఉండకూడదు. రెండు ఆరాధనల వాళ్ళ పేర్లూ ఒకే కాగితం మీద రాశారట. అయ్యగారి భార్య ప్రతి అరగంటకూ నా ఫోన్‌కు మెసేజ్ పెట్టేది. ఇప్పుడు బాపు. ఇప్పుడు రావిర్యాల అక్క. ఇప్పుడు కాలనీ కుర్ర దంపతులు. దవాఖాన కుర్చీలో కూర్చుని నేను ఆ మెసేజ్‌లే చదువుకున్నాను.

కాగితం మీది పేర్లు మధ్యాహ్నం ఒంటి గంటకు అయిపోయాయి. ఆపరేషన్ అయిపోలేదు. నాన్న నడవాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఒంటిగంటన్నరకు ఫోన్ మోగదనుకున్నాను. మోగింది. "అందరూ ఇక్కడే ఉన్నారు. ఎవరూ ఇంటికి పోలేదు. మళ్ళీ మొదటి నుంచి." రెండోసారి నర్సమ్మ వంతు నడుస్తుండగా డాక్టర్ బయటికి వచ్చి మాస్క్ దించాడు. "మనిషి ఉందమ్మా" అన్నాడు. నానమ్మ అడిగిన మాట ఆయన గుర్తుపెట్టుకున్నాడు.

*

ఇప్పుడు ఒకటే ఆరాధన, తొమ్మిదింటికి. అన్నీ సర్దుకున్నాయని చెప్పను. బల్ల మీద గిన్నె ఉంది, పక్కనే గ్లాసుల ట్రే ఉంది. గ్లాసుల్లోకి పోసేది మాత్రం అందరి ముందూ ఆ గిన్నెలోంచే. నర్సమ్మ ఇప్పటికీ జలుబు చేసినవాళ్ళను గిన్నె దగ్గరికి రానివ్వదు. తెల్లగుడ్డ పట్టుకుని అయ్యగారి పక్కన నడుస్తుంది. ఆయన తుడిస్తే ఆమెకు నచ్చదు. "మీ నర్సమ్మ తోముడుకు గిన్నె పల్సబడ్తది" అని బాపు గొణుగుతాడు.

నానమ్మ తిరిగి వచ్చిన మొదటి ఆదివారం అదే కుర్చీలో కూర్చుంది, మెడ చుట్టూ పల్చటి గుడ్డ కట్టుకుని. పక్కన చాప మీద నేను, నా అవతల నర్సమ్మ. అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టిన కాసేపటికి విమానం వచ్చింది. ఆయన ఆగారు. వేలు బైబిల్లో పెట్టుకున్నారు. అద్దాలు గలగలలాడి ఊరుకున్నాయి.

ఆమె లేని అయిదు వారాలూ ఎవరో ఒకరు ఆ మాట అనేవాళ్ళట. ఈ రోజు ఆమె వచ్చింది కాబట్టి ఎవరూ అనలేదు. ఆమె అనలేదు కాబట్టి ఎవరూ అనలేదు. అయ్యగారు ఎదురుచూస్తున్నారు. నేను చాప అంచు గిల్లుతూ కూర్చున్నాను.

నా మోకాలు మీద ఎవరో తట్టారు.

నానమ్మ చేయి. నేను అలవాటుగా అవతలి పక్క మోకాలు కోసం చేయి చాచాను. నర్సమ్మ తన మోకాలు పక్కకు జరుపుకుంది.

లోపల ఎక్కడో గాలి దొరికింది. "పైన పోయేటోళ్లను…" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. రెండు వాక్యాలూ ఎట్లా పూర్తయ్యాయో తెలియదు. చివరికి వచ్చేసరికి చెమట పట్టింది. ఆమేన్ కోసం ఆగాను.

రాలేదు. నానమ్మ నా మోకాలు మీద మళ్ళీ తట్టింది, ఈసారి గట్టిగా, రెండుసార్లు. తల ఎత్తి చూశాను. ఆమె చెయ్యి చాచి వెనక గోడ వైపు చూపిస్తోంది. అంతదూరం వినపడలేదట.

మళ్ళీ మొదటి నుంచి అన్నాను.